నాన్నగారికి, బ్రాటిస్లావా నుంచి

పూజ్యులైన నాన్నగారికి మీ అమ్మాయి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. మీరు, అమ్మ కూడా కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి గురించి తమ్ముడితో విడిగా మాట్లాడాను కనుక ఆ సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. క్రిందటి ఆదివారం మీరు ఫోనులో, “పాతవాళ్ల మాట సరే, ఆ స్లోవాకియాలో ఇప్పుడు ఉండి సంగీతం వ్రాస్తున్న వాళ్లెవరు?” అని అడిగారు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. నెలరోజులుగా నేను రోజూ వింటున్న ఒకాయన గురించి ఇప్పుడు తీరికగా వ్రాస్తున్నాను.

ఆయన పేరు వ్లదిమీర్ గొడార్. 1956లో ఈ ఊళ్లోనే పుట్టారు. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి ట్యాంకులు ఈ దేశంలోకి, అంటే అప్పటి చెకోస్లొవాకియాలోకి, వచ్చినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు. ఆ తరువాత ఇల్యా జెల్యెంకా, రోమన్ బెర్గెర్ వంటి పెద్ద స్వరకర్తలను సంగీతకారుల సంఘం నుంచి వెలివేశారు. గొడార్ చదువుకున్నదీ, స్వరరచన మొదలుపెట్టినదీ ఆ వాతావరణంలోనే. దెజిదెర్ కార్దోష్ అనే స్వరకర్త వద్ద శిక్షణ ముగించుకుని, ఓపుస్ అనే ప్రచురణ సంస్థలో సంపాదకుడిగా చాలాకాలం పనిచేశారు. 1988లో వియన్నాకు చదువుకోవడానికి వెళ్లారు. ఇక్కడి నుంచి వియన్నాకు రైలులో గంట ప్రయాణం, నేను శనివారాలు కూరగాయలకు వెళ్లినంత సులువుగా వెళ్లివస్తున్నాను. కానీ అప్పట్లో డాన్యూబ్, మొరవా నదులు కలిసే దెవీన్ దగ్గర ఎవరూ ఆస్ట్రియాలోకి పారిపోకుండా ముళ్లకంచె ఉండేది, దాన్ని దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్న వారి స్మారకం ఇప్పుడు అక్కడే ఉంది. అక్కడికి వెళ్లిన రోజు సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఆయన తొలి రచనల పేర్లు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1983లో పార్తీతా, 1985లో కన్చెర్తో గ్రోసో, అంటే మూడు వందల ఏళ్ల క్రితపు బరోక్ కాలం నాటి రూపాలు. ఐరోపాలో చాలామంది పాత రూపాలన్నిటినీ వదిలించుకోవాలని పట్టుపట్టిన కాలం తరువాత ఈయన వెనక్కి తిరిగి వాటినే చేరదీశారు. మన దగ్గర వర్ణాన్ని ఎవరూ పాత రూపమని పక్కన పెట్టరు కదా. అందుకేనేమో, ఈ ఎంపిక నాకు వింతగా కాక సహజంగా తోచింది. 1984లో ఆయన, కొమీనియుస్ అనే పాతకాలపు విద్యావేత్త వ్రాసిన బొమ్మల పాఠ్యపుస్తకం ఆధారంగా ఒక ఒరాటోరియో, అంటే గాయకులూ వాద్యబృందమూ కలిసి నటన లేకుండా వినిపించే పెద్ద రచన, కూర్చారు. 1658లో అచ్చయిన ఆ పుస్తకం, గురువు ఒక పిల్లవాడిని “రా, నేర్చుకో” అని పిలవడంతో మొదలవుతుంది. ముప్పై ఏళ్లు పిల్లలకు సరళీస్వరాలు చెప్పిన మీకు ఆ మాట ఎంత నచ్చుతుందో నాకు తెలుసు.

మార్తిన్ షులీక్ అనే దర్శకుడి సినిమాలకు కూడా ఆయన సంగీతం ఇచ్చారు. దాని గురించి మరోసారి వ్రాస్తాను. ఈ ఉత్తరం వ్రాయడానికి అసలు కారణం ‘మాతెర్’ అనే ఆల్బం. మాతెర్ అంటే లాటినులో తల్లి. మ్యూనిక్‌లోని ఇ.సి.ఎం. అనే రికార్డుల సంస్థ దీన్ని 2006లో ప్రపంచమంతటికీ అందించింది. ఇవా బిట్టొవా అనే చెక్ గాయని ఇందులో పాడారు. ఆమె ఫిడేలు వాయిస్తూ పాడగల మనిషి, ఒపెరా వాళ్ల గొంతు కాదు ఆమెది. వంటింట్లో పని చేసుకుంటూ పాడుకునే గొంతులా నేరుగా వచ్చి తాకుతుంది. వెనుక వాయించే సొలమెంతె నతురాలి బృందం బరోక్ సంగీతానికి పేరుపడినది.

ఇందులో ‘మాగ్నిఫికాత్’ అనే రచనను మీరు తప్పక వినాలి. గర్భవతి అయిన మరియమ్మ దేవుణ్ణి స్తుతించే పాట అది. తీగవాద్యాలు మెల్లగా, ఒకే చోట తిరుగుతూ ఉంటాయి; వాటి మీద గొంతు మంద్రస్థాయిలో, దాదాపు తనలో తాను చెప్పుకుంటున్నట్టు సాగుతుంది. ఇక ఇంతేననుకుంటున్నప్పుడు బృందగానం ఒక్కసారిగా ఎగసిపడుతుంది. మొదటిసారి విన్నప్పుడు చేతిలోని కాఫీ కప్పు బల్లమీద పెట్టేసి కూర్చున్నాను. కొడుకు సిలువ కింద నిలబడిన తల్లి దుఃఖం ‘స్తాలా మత్కా’లో వస్తుంది. ఆ రెండింటి నడుమ ‘ఉస్పావన్కి’, అంటే జోల పాటలు, పల్లెటూరి స్లోవాక్ మాటల్లో ఉన్నాయి. అన్నిటికీ మొదట, చివర యిద్దిష్‌లో, అంటే తూర్పు ఐరోపా యూదుల భాషలో, ఒక పాట వస్తుంది: ఇల్లు వదిలి వేదపాఠశాల వంటి చోట చదువుకుంటున్న పేద కుర్రవాడు కిటికీ మీద జారే వాన చినుకులను చూస్తూ, ఈ వాన నాకేం చెబుతోందని తనను తాను అడుగుతాడు. నవంబరు వానలో ఈ పాట వినడం నాకు కష్టమైంది, అయినా వింటూనే ఉన్నాను.

ఆ జోల పాటలు వింటుంటే ఒక సంగతి తట్టింది. పల్లెల్లో ఎవరో ఒకరు ఆ మాటలను వ్రాసిపెట్టబట్టే అవి గొడార్ చేతికి అందాయి. ఈ ఊరి బడిలో చదువుకున్న హంగేరీ స్వరకర్త బార్టోక్ తరువాత స్లోవాక్ పల్లెలెన్నో తిరిగి వేల పాటలు వ్రాసుకున్నారని ఇక్కడి వాళ్లు నేటికీ చెప్పుకుంటారు. నాయనమ్మ నన్నూ తమ్ముణ్ణీ ఒళ్లో వేసుకుని పాడిన జోల మాత్రం ఎక్కడా లేదు. నాకు రెండో చరణం మొదటి మాట వరకే గుర్తుంది, ఆ తరువాత వట్టి రాగమే మిగిలింది. అమ్మకు మాటలు వచ్చు, మీకు స్వరం వచ్చు. ఈ వారం ఒక సాయంత్రం అమ్మ చేత పాడించి, మీరు ఫిడేలు మీద సరిచూసి, స్వరసహితంగా ఒక కాగితం మీద వ్రాసి పంపండి. ఏ శ్రుతిలో పాడేదో కూడా వ్రాయండి. ‘మాతెర్’ రికార్డును తమ్ముడి ద్వారా మీకు పంపిస్తున్నాను.

అమ్మకు నా నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ అమ్మాయి