తెల్లవారుజామున ఆకులు కాల్చనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

నేను కాజీపేటలో ఉంటాను. 1980లో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్‌గా రైల్వేలో చేరి, లోకో పైలట్‌గా పదవీ విరమణ చేశాను. హసన్‌పర్తి రోడ్ దగ్గర సిగ్నల్ పడక బండి ఆగినప్పుడు, ఏప్రిల్ మధ్యాహ్నమైతే ఇంజను పొగ నిటారుగా లేచి ఆకాశంలో కలిసిపోయేది. అదే పుష్యమాసంలో తెల్లవారుజామునైతే గొట్టం దాటి కొంచెం పైకి పోయి, అక్కడే ఆగి, పొలాల మీద పరుచుకునేది. బొగ్గూ ఇంజనూ అవే కదా, పొగ ఎందుకిలా అని ఒక పాత డ్రైవరును అడిగితే, ‘చలికి పొగ లేవదురా అబ్బాయ్’ అన్నాడు.

ఆయన మాటలోని నిజం ఆ మధ్య కార్తీక సోమవారం మడికొండ మెట్టుగుట్ట ఎక్కినప్పుడు నా ఒంటికే తెలిసింది. కింద చెప్పులు విడిచినప్పుడు చలికి పళ్లు కొట్టుకున్నాయి. శాలువా కప్పుకొని, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కున్నాను. గుడి దగ్గరికి వెళ్లేసరికి ఆ చలి లేదు. మెట్లెక్కిన వేడి అనుకొని కాసేపు కూర్చున్నాను, ఒళ్లు చల్లబడింది, అయినా శాలువా అవసరం కాలేదు. నిజంగానే పైన గాలి వెచ్చగా ఉంది. కిందికి చూస్తే కాజీపేట మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు ఒక పొర. దాని పైఅంచు గీత గీసినట్టు సమంగా ఉంది.

మబ్బు లేని చలికాలపు రాత్రుల్లో మన నేల, మన నల్లరాతి గుట్టలు పగలు దాచుకున్న వేడిని త్వరగా వదిలేస్తాయి. నేలను తాకే గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైనున్న వెచ్చని గాలి దానికి మూత అవుతుంది. బండ్ల పొగ, పొయ్యిల పొగ, రోడ్డు దుమ్ము అన్నీ ఆ మూత కిందే. ఎండ ముదిరి నేల వేడెక్కితే తప్ప మూత లేవదు. మళ్లీ పొద్దుగూకగానే మొదలు. వానాకాలంలో నైరుతి గాలి ఊడ్చుకుపోతుంది, వాన కడిగేస్తుంది. ఎండాకాలం దుమ్ము ఎక్కువే అయినా, పొగ పైకి పోవడానికి చోటుంటుంది. ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలు అడ్డం. విశాఖకు చుట్టూ కొండలున్నా పగటిపూట సముద్రపు గాలి వీస్తుంది. మనకు ఆ అడ్డం లేదు. అందుకే ఇక్కడి గాలికి ఏమీ కాదని అందరం ధీమాగా ఉన్నాం, కానీ పొగను ఊడ్చుకుపోయే ఆ సముద్రపు గాలీ మనకు లేదు.

సరిగ్గా గాలి కదలని ఆ వేళలోనే మనం మంటలు పెడుతున్నాం. మా వీధి మూలన చలికాలమంతా ఉదయం ఆరు దాటగానే రాలిన వేపాకులు, కానుగాకులు, వాటితో పాటు పాల ప్యాకెట్లు, టీ కప్పులు కుప్పవేసి అంటిస్తారు. పొగ వేపచెట్టు కొమ్మల దాకా లేచి, అక్కడ అడ్డంగా తిరిగి, పక్కనున్న బడి ఆవరణలోకి జారుతుంది. ఒకరోజు గడియారం పెట్టుకొని చూశాను. కుప్ప ఇరవై నిమిషాల్లో బూడిదైంది. వాసన తొమ్మిదింటి దాకా పోలేదు. ఆ బడిలోనే నాలుగో తరగతి చదువుతున్న నా మనవరాలికి నవంబరు నుంచి ఆయాసం. ఇంట్లో నెబ్యులైజర్ కొని పెట్టుకున్నాం.

వీధి ఊడ్చే ఆమెను నేను తప్పుపట్టను. చెత్త బండి పదింటికి గానీ రాదు. ఈలోగా కుప్ప చెదిరితే మళ్లీ ఆమే ఊడ్చుకోవాలి. ఆ పొగను అందరికంటే ముందు పీల్చేదీ ఆమే. చెత్తను బహిరంగంగా కాల్చకూడదని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. వాటిని అమలు చేయించాల్సినవారు ఉదయం ఆరింటికి ఒక్కసారి వీధుల్లో తిరిగితే చాలు, ఎన్ని మంటలో లెక్క తెలుస్తుంది. రైతు సోదరులకు కూడా ఒక మనవి. హార్వెస్టర్ కోశాక మిగిలిన కొయ్యకాళ్లను, పత్తి కట్టెను కాల్చడానికి కారణాలు నాకు తెలియనివి కావు. కూలీలు దొరకరు, యాసంగి నాటుకు గడువుండదు. కానీ గడ్డి కట్టలు కట్టే యంత్రం ఊరికొకటి అందుబాటులో ఉంచితే అగ్గిపెట్టె తీసే రైతు ఎవరు?

ఇంకొక మాట. సన్న ధూళికణాలు, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి 15. సగటు అంటే మధ్యాహ్నపు మంచి గాలి తెల్లవారుజాము చెడుగాలిని కప్పేస్తుంది. గంటగంటకూ లెక్క వేరుగా, తెలుగులో, బస్టాండు దగ్గరో బడుల దగ్గరో బోర్డు మీద పెట్టాలి. అప్పుడు పిల్లల ఆటలు, డ్రిల్లు ఏ వేళకు పెట్టాలో మాస్టార్లే నిర్ణయించుకుంటారు. చీకటితో నడకకు వెళ్లే నా వయసువాళ్లు కూడా ఎండ పడ్డాక బయలుదేరతారు.

నగరపాలక అధికారులకు నా విన్నపం ఇది. వచ్చే కార్తీకం లోపు మా వీధి ఊడ్చే ఆమెకు పెద్ద గోనెసంచులు ఇప్పించండి. ఉదయం ఏడింటికల్లా ఆకుల కోసం విడిగా ఒక ఆటో పంపండి. ఆ ఆకులు ఎరువుకు పనికొస్తాయి, మా పెరటి గుంతలో వేస్తామన్నా నాకు సమ్మతమే.

— ఒక విశ్రాంత లోకో పైలట్, కాజీపేట