ఒంటరిగా మాననివ్వకు

చిరంజీవి రాహుల్‌కు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మాట్లాడుతుంటే నీ రూమ్మేట్ పక్కనే ఉన్నట్టనిపించి పొడిపొడిగా మాట్లాడి పెట్టేశాను. రోజూ తాగే ఆ కుర్రాడు ఆదివారం నుంచి చుక్క ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడంటే నాకూ సంతోషమేరా. కానీ గదిలో పడుకుని సొంతంగా మానేస్తానన్నాడు చూడు, భయమంతా అక్కడే.

చాలాకాలం రోజూ తాగి ఉన్నట్టుండి ఆపేస్తే మెదడు అదుపు తప్పుతుంది. ముందు వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేని మనుషులు కనిపిస్తారు, తామెక్కడున్నారో తెలియదు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనేది దీన్నే. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

2015లో మన నిజామాబాద్ వైపు కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు ఇలాంటి బాధే చూశాను. కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందుకు అలవాటైన ఒళ్లు అది అందక తల్లడిల్లిపోయింది. మన మెడికల్ షాపుకొచ్చిన ఒక పెద్దాయన కౌంటర్ మీది చిల్లర కూడా ఏరుకోలేకపోయాడు, వేళ్లు అంతలా వణికాయి. నిద్రమాత్ర ఇమ్మని బతిమాలాడు. చీటీ లేకుండా ఇవ్వనని చెప్పి, ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపించాను.

అందుకే నీ రూమ్మేట్‌ని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లు. ఎవరైనా నవ్వుతారని జంకుతాడేమో, నవ్వేవాళ్లు రేపు ఫిట్స్ వస్తే పట్టుకోరు. అక్కడ మందుల డోసు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. రోజూ ఎంత తాగేవాడో ఏమీ దాచొద్దని చెప్పు. తాగేవాళ్లకు బి1 విటమిన్ తక్కువగా ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ముప్పు. తలనొప్పి అని పారాసిటమాల్ మీద పారాసిటమాల్ మింగనివ్వకు, తాగిన లివర్‌కు అది ఇంకో దెబ్బ.

గంజాయి సంగతి బయటపడితే కేసవుతుందని భయపడుతున్నాడన్నావు. సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అనుమానముంటే మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి అడగండి, అది ఉచితం.

ఇక నీ మాట. వారానికో బీరుతో ఏమవుతుంది నాన్నా అన్నావు కదా. లివర్ పాడవుతుంటే చాలాకాలం నొప్పి తెలియదు. కొవ్వు పట్టిన దశలో మానేస్తే కోలుకుంటుంది, లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ దాకా పోతే పొట్టలో నీరు, రక్తపు వాంతులు. గంజాయి మొక్కే కదా అనే మాట కూడా నమ్మకు. నీ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, కొందరికి దాంతో మతి చెదురుతుంది. ఎవరి పార్టీలోనైనా ఎవరైనా తాగి స్పృహ తప్పితే వెల్లకిలా వదిలేయకు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యి.

రేపు ఉదయమే అతన్ని తీసుకెళ్లు. ఓపీ చీటీ రాయించగానే నాకు ఫోన్ చెయ్యి, వాళ్ల నాన్నతో నేను మాట్లాడతాను.

మీ నాన్న