కొత్త చౌకదా, పాత మంచిదా? ల్యాప్‌టాప్ కొనబోయే తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, సెలవుల జాబితా, బస్సు వేళల్లో వచ్చిన మార్పు ఈ వార్తాలేఖ రెండో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీ మాత్రం ఈసారి ఒక్క విషయానికే కేటాయించాను. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగినవాళ్ల కంటే ల్యాప్‌టాప్ గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "మేడమ్, మా దగ్గరున్న డబ్బుకి కొత్తదైతే చిన్న రకం వస్తుంది. అదే డబ్బుకి ఆఫీసుల్లో వాడి తీసేసిన పెద్ద రకం వస్తుందంటున్నారు. ఏది తీసుకోమంటారు?" అని. వరండాలో నిలబడి ఒక్కొక్కరికీ అరకొరగా చెప్పాను. మిగతాది ఇక్కడ చెబుతున్నాను.

ముందే ఒక మాట. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు సొంత ల్యాప్‌టాప్ అక్కర్లేదు. వాళ్లకి మన ల్యాబ్ చాలు. పక్కింట్లో కొన్నారని మీరు కొనకండి. తొమ్మిదో తరగతి నుంచి ప్రాజెక్టులు, పైథాన్, స్లైడ్లు, రికార్డు చేసిన పాఠాలు ఉంటాయి కాబట్టి ఇంట్లో ఒకటి ఉంటే మంచిదే. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

ఈ విషయంలో నేను ఒకసారి బాగానే దెబ్బతిన్నాను. మూడేళ్ల కిందట లైబ్రరీకి ఆరు కొత్త ల్యాప్‌టాప్‌లు కావాలంటే కొటేషన్లలో తక్కువది చూసి సంతకం పెట్టింది నేనే. సీల్ తీస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు. సన్నగా, తేలిగ్గా, మూత మీద మెరుపు. ఆరు నెలలు తిరక్కుండానే ఒకరోజు ఒక పిల్ల బటన్ నొక్కి, వెళ్లి బాటిల్లో నీళ్లు నింపుకుని, దారిలో స్నేహితురాలితో మాట్లాడి తిరిగొచ్చింది. అప్పటికీ స్క్రీన్ మీద ఆ చుక్కల చక్రం తిరుగుతూనే ఉంది. "రోజూ ఇంతే మేడమ్" అంది, అదేదో వాతావరణం సంగతి అన్నట్టు. ఆ తర్వాత అప్‌డేట్‌కి చోటు చాలడం లేదని మెసేజ్. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ నేను కొన్నది.

లోపల ఏముందో అప్పుడు మన కంప్యూటర్ మాస్టారు విప్పి చూపించారు. 4 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడుకునే మెమరీ), 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ (ఫైళ్లు దాచే చోటు). ఈఎంఎంసీ అంటే చౌక ఫోన్లలో వాడే రకం మెమరీ, దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ కాదు. ర్యామ్ నిండిపోతే విండోస్ ఊరుకోదు, మిగిలిన సరుకును స్టోరేజీలోకి నెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఆ స్టోరేజీయే నెమ్మదిదైతే ఈ మోతలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పోనీ ర్యామ్ పెంచుదామంటే అది బోర్డుకే అతికించి ఉంది. స్టోరేజీ కూడా అంతే. కొన్న రోజు ఎంతుందో పారేసే రోజు దాకా అంతే.

అదే గదిలో మాస్టారి సొంత ల్యాప్‌టాప్ ఉంటుంది. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. మూల అరిగింది, మూత మీద స్టిక్కర్ పీకిన మరక ఉంది. అది మా ఆరు కొత్తవాటి కంటే ముందే తెరుచుకుంటుంది. అడుగున స్క్రూలు విప్పితే మూత వచ్చేస్తుంది. 8 జీబీ ర్యామ్ పక్కన మరో 8 ఆయనే వేసుకున్నారు, పది నిమిషాల పని.

ఇలాంటివి మార్కెట్లోకి ఎలా వస్తాయంటే, పెద్ద కంపెనీలు ల్యాప్‌టాప్‌లను మూడు నాలుగేళ్లకు లీజుకు తీసుకుంటాయి. గడువు తీరగానే వందలకొద్దీ ఒకేసారి మార్చేస్తాయి, చెడిపోయి కాదు. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ అనే ఆఫీసు రకాల పేర్లు తరచూ వినబడేది అందుకే. రోజంతా టైప్ చేసే ఉద్యోగుల కోసం చేసినవి కాబట్టి కీబోర్డు, మడతబందులు గట్టిగా ఉంటాయి. తయారీదారులే వాటి సర్వీస్ మాన్యువల్స్‌ని అందరికీ అందుబాటులో పెడతారు. విడిభాగాలు చాలాకాలం దొరుకుతాయి. చౌక కొత్తవాటిలో ముందు విరిగేది సాధారణంగా మూత మడతే. ప్లాస్టిక్‌లో బిగించిన మడతబందును పిల్లలు రోజుకు పదిసార్లు ఒక మూల పట్టుకుని ఎత్తుతారు మరి.

కాబట్టి నా అభిప్రాయం దాచను. 4 జీబీ కొత్తదానికీ, సరిగ్గా చూసి తీసుకున్న పాత ఆఫీసు రకానికీ మధ్య ఎంచుకోవాలంటే నేను పాతదానికే ఓటేస్తాను. అయితే ఈ "సరిగ్గా చూసి" అన్నచోటే అసలు చిక్కంతా.

మొదటి చిక్కు వయసు. ల్యాప్‌టాప్‌కి మెదడులాంటి ప్రాసెసర్ చిప్ పేరు చెప్పి అమ్మేవాళ్లు "ఐ7 సార్, ఐ7" అని ఊదరగొడతారు. ఆ 7 చూసి మురిసిపోకండి, దాని వెనక వచ్చే అంకె చూడండి. ఐ7-7600యూ అని ఉంటే అది ఏడో తరం, అందులో ఉన్నవి రెండే కోర్లు, అంటే పని చేసే భాగాలు. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. పేరుకు చిన్నదైన ఐ5 ఇక్కడ పెద్దన్న. 1135 అని నాలుగంకెలు ఉండి పక్కన జీ7 అని ఉంటే మాత్రం మొదటి రెండంకెలూ కలిపి చదవాలి, అది పదకొండో తరం.

ఈ తరం అంకె మీదే ఎందుకు పట్టుబడుతున్నానంటే, విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆ పైన ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఇప్పుడు బయట చౌకగా కుప్పలు తెప్పలుగా కనిపిస్తున్నవాటిలో ఆరు, ఏడో తరాలవి ఎక్కువ, కారణం ఇదే. వాటిలోనూ ఏదో తిప్పలు పడి విండోస్ 11 ఎక్కించి "ఇదిగో నడుస్తోంది కదా" అని చూపిస్తారు. నడుస్తుంది. కానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న పూచీ తమది కాదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో పేర్లు ఇంకా తికమక కాబట్టి మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ అక్కడే పెట్టి చూడండి. అవునో కాదో అదే చెప్పేస్తుంది. ఇంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ తెలిసినవాళ్లుంటే ఈ బాధ లేదు, ఏడో తరమైనా హాయిగా నడుస్తుంది. కానీ అలాంటి ఇల్లు మన స్కూల్లో నాకు తెలిసి ఒకటో రెండో.

మ్యాక్‌బుక్ గురించి అడిగినవాళ్లకు: 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే అక్కణ్నుంచి ఈవైపువే తీసుకోండి. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోయే ఆఖరిదని యాపిల్ ప్రకటించింది. పైగా 2016 నుంచి 2019 మధ్య వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలలో చాలావాటికి సీతాకోకచిలుక కీబోర్డు అని ఒక పల్చటి రకం పెట్టారు. కాస్త దుమ్ము పడితే కీ ఇరుక్కుపోతుంది. గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే క్రోమ్‌బుక్ అయితే ఒక్కటే చూడండి: దాని అప్‌డేట్ల ఆఖరు తేదీ ఎప్పుడని. ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, ఆ రకం మొదట విడుదలైన నాటి నుంచే మొదలవుతుంది.

రెండో చిక్కు తాళాలు. ఇది చాలామందికి తెలియదు. మన టీచర్ ఒకరు ముచ్చటపడి మంచి ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు. వారం రోజులు చక్కగా పనిచేసింది. ఇంటికి తెచ్చాక అంతా చెరిపేసి కొత్తగా పెట్టుకుందామని రీసెట్ కొట్టారు. మళ్లీ తెరుచుకోగానే ఏదో కంపెనీ పేరు వచ్చి, ఆ కంపెనీ ఈమెయిలు, పాస్‌వర్డు అడిగింది. ముందుకు కదల్లేదు. ఆ కంపెనీ రికార్డుల్లో ఆ యంత్రం ఇంకా వాళ్లదే. అమ్మినవాడు రెండు రోజులు "చూస్తానండీ" అన్నాడు, మూడో రోజు ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకని డబ్బు ఇవ్వకముందే, మీ కళ్లెదుటే రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలిపి, మొదటి నుంచి తెరిపించండి. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి పాస్‌వర్డు అడుగుతుందేమో చూడండి. మ్యాక్ అయితే పాత యజమాని యాపిల్ ఖాతా నుంచి తీసేశాడో లేదో చూడండి. రీసెట్‌కి టైమ్ పడుతుందని విసుక్కునే దుకాణం దగ్గర అసలు కొనొద్దు.

బ్యాటరీ సంగతి మనిషి మాట మీద నమ్మనక్కర్లేదు, యంత్రమే చెబుతుంది. విండోస్‌లో ఆజ్ఞలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే (powercfg /batteryreport) ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని ఒక అంకె ఉంటాయి. మొదటిది 50,000 ఉండి రెండోది 30,000 ఉంటే పుట్టినప్పటి బలంలో అరవై శాతమే మిగిలిందన్నమాట. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకుని బేరమాడండి. ఇక టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, కింద పెడితే ల్యాప్‌టాప్ బల్ల మీద ఊగుతున్నా బ్యాటరీ లోపల వాచిందేమో. దాన్ని ముట్టుకోకుండా వచ్చేయండి.

మిగతాది అరగంట పని. మన పదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నాన్నతో వెళ్లి చేసిన తీరు నాకు భలే నచ్చింది. చార్జర్ పీకేసి కూర్చుందట. నోట్‌ప్యాడ్ తెరిచి పై వరుస మొదటి కీ నుంచి చివరి వరుస దాకా ఒక్కొక్కటీ నొక్కుతూ పోయింది. ఇంగ్లిష్ 'ఈ' ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడే అక్షరం అదే కదా! తెల్ల పేజీని స్క్రీన్ నిండా పెట్టి మచ్చలు వెతికింది. తన గొంతే రికార్డు చేసి వింది. యూఎస్‌బీ చోట్లన్నిట్లో పెన్ డ్రైవ్ పెట్టి తీసింది. వాళ్ల నాన్న "ఇక చాల్లే తల్లీ" అంటున్నా వినలేదు. చివరికి అది వద్దని, పక్కన ఉన్న ఇంకొకటి తీసుకున్నారు. ఇప్పటికి ఏడాదైంది, దానితోనే చదువుతోంది.

ఇంత చెప్పాక కొత్తదే కొనమని నేను చెప్పే ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంట్లో ఈ పరీక్షలన్నీ చేసేవాళ్లు ఎవరూ లేకపోయినా, పిల్లవాడు హాస్టల్‌కి వెళ్లబోతున్నా, చెడిపోతే మళ్లీ డబ్బు పెట్టే వీలు లేకపోయినా వారంటీ ఉన్న కొత్తదే నయం. పాతదాంట్లో బోర్డు పోతే రిపేరు ఖర్చు ఒక్కోసారి దాని ధరకు దగ్గర పడుతుంది. ఆ టెన్షన్ అందరూ తట్టుకోలేరు. కాకపోతే కొత్తది కొన్నా నేను చేసిన తప్పు చేయకండి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కంటే తక్కువైతే ఆ డబ్బు దాచుకుని రెండు నెలలు ఆగండి. పెట్టె మీద "స్టోరేజీ" అని మాత్రమే ఉంటే అది ఎస్‌ఎస్‌డీయా, ఈఎంఎంసీయా అని అడగండి. స్క్రీన్ 1366 బై 768 అనే తక్కువ స్పష్టత రకమైతే, అదీ పక్క నుంచి చూస్తే రంగులు మారిపోయే రకమైతే, రోజుకు మూడు గంటలు దాన్ని చూడబోయేది మీ పిల్లల కళ్లని గుర్తుంచుకోండి. సెలరాన్ ఎన్4020 లాంటి రెండు కోర్ల పాత చిప్‌లను ఇంకా కొత్త పెట్టెల్లో పెట్టి అమ్ముతుంటారు. అది 2019 నాటిది. పెట్టె కొత్తదే, లోపలి సరుకు కొత్తది కాదు. అదే ఎన్100 అయితే నాలుగు కోర్లున్నాయి, హోంవర్కుకి పర్వాలేదు.

గేమ్స్ సంగతి ఎవరూ అడగలేదా అని మా వాళ్లు నవ్వుతున్నారు. అడిగారు, పిల్లలు అడిగారు. ఆ జవాబు మీరే ఇంట్లో చెప్పుకోండి.

ఇంకో సంగతి. వచ్చే రెండు శనివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా కంప్యూటర్ మాస్టారు ల్యాబ్‌లో ఉంటారు. మీరు కొనాలనుకుంటున్న దాని మోడల్ నంబరు రాసుకు రండి, చూసి చెబుతారు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే యంత్రాన్నే తీసుకురండి, డబ్బు కట్టకముందే సుమా. కట్టాక తెస్తే ఆయన చేయగలిగింది ఓదార్చడమే. వచ్చేటప్పుడు దాని చార్జర్ మర్చిపోకండి. పోయినసారి ముగ్గురు మర్చిపోయారు, వాళ్లందరికీ ఒక్క చార్జరే గతి అయింది, అదీ మాస్టారిది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు