డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి గురించి

నిన్న మాటల్లో డాక్టర్, సంఘ సంస్కర్త ముత్తులక్ష్మి రెడ్డి గారి పేరు వచ్చింది, ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామనిపించింది. 1886లో ఇప్పటి తమిళనాడులోని పుదుక్కోట్టైలో పుట్టారు. మగపిల్లల కాలేజీలో ఆడపిల్లకి సీటేంటని పెద్ద గొడవ! చివరికి పుదుక్కోట్టై మహారాజు చేర్చుకోమన్నారు. 1912లో మద్రాస్ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చారు. 1927లో మద్రాస్ శాసనమండలికి వెళ్లి దేవదాసీ వ్యవస్థ మీద పోరాడారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడే, కాబట్టి అది ఎక్కడో విన్న కష్టం కాదు. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా పదవి వదిలేశారు. చెల్లెలు క్యాన్సర్‌తో పోయారు. ఆ బాధ మర్చిపోలేదు, 1954లో అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి తెరిపించారు. అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డారు! నాకైతే ఆ మొండితనమే నచ్చింది. ఆవిడ పాత ఫొటోలుంటే ఇక్కడ పెట్టండి.