సరస్సు గాలిలో కోపర్నికస్

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అబ్బాయి దగ్గరికి షికాగో వచ్చి నెలైంది. మొన్న మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆడ్లర్ ప్లానెటేరియం చూశాం. 1930లో తెరిచారు, అమెరికాలో ఇదే మొదటిది. భవనానికి పన్నెండు పలకలు, మూలకొక రాశి బొమ్మ. మా ఆవిడ తన కన్యారాశిని వెతుక్కుని అక్కడే ఫోటో దిగింది. గ్రహాలకూ జాతకాలకూ సంబంధం లేదని ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పిన నేనే ఆ ఫోటో తీశాను!

లోపలి షో బాగుంది. కానీ నన్ను కదలనివ్వనిది బయట కూర్చున్న కోపర్నికస్ కంచు విగ్రహం. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన పోలండ్ ఖగోళ శాస్త్రవేత్త ఆయన. చేతుల్లో వృత్తలేఖిని, వలయాలతో చేసిన ఖగోళ నమూనా. అసలు విగ్రహం 1830 నుంచి వార్సాలో ఉంది. ఆయన పుట్టి 500 ఏళ్లయిన సందర్భంగా 1973లో ఇక్కడి పోలిష్ వాళ్లు దాని నకలు పెట్టించారు. తలపాగా ఎగిరిపోయేంత గాలి, అయినా పావుగంట నిలబడ్డాను.

అక్కడ నిలబడితే మనవాళ్లు గుర్తొచ్చారు. మన హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ (నక్షత్ర పరిశీలనశాల) వాళ్లు, ఎన్నో దేశాలు కలిసి తలపెట్టిన ప్రపంచ నక్షత్ర పటం కోసం నాలుగున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఈ సంగతి నేను ఒక్క క్లాసులోనూ చెప్పలేదు, తప్పు నాదే. హుస్సేన్ సాగర్ గట్టు మీద ఇంతమంది మహానుభావుల సరసన ఆ నక్షత్రాలు లెక్కగట్టినవాళ్ల గుర్తుగా ఒక దుర్భిణి బొమ్మ పెట్టించమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

- ఒక రిటైర్డ్ సైన్సు టీచర్, హన్మకొండ (ప్రస్తుతం షికాగో)