కొంచిలో ఈత గ్యారంటీ అని ఇక చెప్పం

అందరికీ నమస్తే. కరీబియన్ దీవి అరూబాలో మా జీప్ ట్రిప్ బుక్ చేసుకున్నవాళ్లకీ, డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫ్లైట్లు చూసుకుంటూ మాకు మెసేజ్‌లు పెడుతున్నవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఇకపై కొంచిలో ఈత ఖాయం అని మేం రాయం. ట్రిప్ వరస కూడా మార్చేశాం.

కొంచి అంటే అరికోక్ నేషనల్ పార్కులో, నల్లరాళ్ల మధ్య సముద్రపు నీళ్లు నిలిచి ఏర్పడిన మడుగు. మా ఫోటోల్లో అద్దంలా కనిపిస్తుంది కదా, ఆ ఫోటో తీసిన రోజు అలాగే ఉంది, అంతే. ఈ దీవికి గాలి ఎప్పుడూ తూర్పు నుంచే కొడుతుంది. ఇక్కడి దివి దివి చెట్లు చూస్తే తెలుస్తుంది, అన్నీ పడమటికే వంగి ఉంటాయి. కొంచి ఉన్నది ఆ గాలి తగిలే వైపే, అందుకే ఆ ఒడ్డున అలలు ఏ రోజు ఎలా ఉంటాయో ముందు రోజు రాత్రి కూడా చెప్పలేం.

మొన్న జనవరిలో ఎనిమిది మంది ఉన్న కుటుంబం వచ్చింది. రాళ్ల దారిలో ఒళ్లు హూనం చేసుకుని మెట్లు దిగేసరికి అలలు రాతిగోడ దాటి మడుగులో విరుచుకుపడుతున్నాయి. దిగొద్దన్నాను. వాళ్లలో పెద్దాయన ఫోన్ తీసి మా పేజీ చూపించి, "మరి గ్యారంటీ అని రాశావు కదా బాబూ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లాక ఒక్క స్టార్ ఇచ్చారు. రెండ్రోజులు ఉడికిపోయాను, తర్వాత మా పేజీ నేనే చదువుకున్నాను, ఆ ముక్క మూడు చోట్ల ఉంది. సగం డబ్బులు వెనక్కి పంపాను. ఇప్పుడు పద్ధతి ఏంటంటే, కొంచిలో దిగడానికి వీల్లేకపోతే తలకి 20 డాలర్లు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేస్తాం, ఆ సమయంలో ఫాంటైన్ గుహకి తీసుకెళ్తాం. అక్కడ పై కప్పు మీద ఆదివాసులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలున్నాయి, నిజం చెప్పాలంటే నాకు మడుగు కన్నా అదే ఇష్టం.

ఇక వరస. ఇదివరకు పొద్దున జీపు, మధ్యాహ్నం స్నార్కెలింగ్, అంటే మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ చేపల్ని చూడడం. దుమ్మంతా సముద్రంలోనే కడుక్కోవచ్చని మా లెక్క. కానీ మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది, మేం స్నార్కెలింగ్ చేసే బోకా కాటలీనా తీరంలో పడవల జనం దిగిపోతారు, చేపల కన్నా కాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. అందుకని ఇప్పుడు ఉదయం ఎనిమిదింటికే నీళ్లలో ఉంటాం. దీనికో ఇబ్బంది ఉంది, ఉప్పు ఒంటితో జీపెక్కితే దుమ్ము పిండిలా పట్టేస్తుంది, కాబట్టి ప్రతి జీపులో మంచినీళ్ల క్యాన్లు పెట్టాం, ఒక్కొక్కరికి రెండు మగ్గులు. అంతకు మించి అడక్కండి, ఈ దీవిలో తాగే నీళ్లు సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసి చేసినవే.

ఈత రాదని చెప్పడానికి మొహమాటపడొద్దు. మనవాళ్లలో సగం మందికి రాదు, నాకూ ఇక్కడికొచ్చాకే వచ్చింది. లైఫ్ జాకెట్ అందరికీ తప్పనిసరి. మీసాలున్న మగవాళ్లకి మాస్క్‌లోకి నీళ్లు కారడం మామూలే, మీసం మీద కాస్త వాజిలీన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. ఆడవాళ్లు జుట్టు మాస్క్ అంచు కింద ఇరుక్కోకుండా చూసుకోండి, ఒక్క పాయ ఉన్నా చాలు కారడానికి. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ 2020 నుంచి ఇక్కడ నిషేధం, డబ్బా వెనక చదివి తెచ్చుకోండి. చేపలకి బ్రెడ్ వేయొద్దు, పిల్లలు అడిగినా సరే.

చాలామంది అడుగుతున్న ఇంకో రెండు. బగ్గీలు (మట్టిదారుల్లో నడిపే చిన్న ఓపెన్ మోటారు బండ్లు) ఎందుకు పెట్టరని, వాటిని అరికోక్‌లోకి రానివ్వరు, అందుకే జీపులు. యాంటిల్లా చూపిస్తారా అని, అది 1940లో జర్మన్లు తమ చేతులతోనే ముంచేసుకున్న ఓడ, దానికి పడవ మీద వెళ్లాలి, మేం ఒడ్డు నుంచి దిగేవాళ్లం, కాబట్టి లేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు దయచేసి రావొద్దు, డబ్బు కోసం ఒప్పుకుని తర్వాత దారి పొడవునా టెన్షన్ పడడం నావల్ల కాదు.

ధర 110 నుంచి 120 డాలర్లయింది. జీపుకి ఏడుగురిని కాకుండా ఐదుగురినే ఎక్కిస్తున్నాం, వెనక మధ్య సీట్లో కూర్చున్నవాళ్ల తిట్లు ఇక పడలేను. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకి పాత ధరే.

మార్చి రెండో వారానికి రెండో జీపులో మూడు సీట్లున్నాయి. మధ్యాహ్నం పులిహోర మామూలుగానే ఉంటుంది, పెరుగన్నం కావాలంటే మాత్రం ముందు రోజు సాయంత్రం ఆరులోపు చెప్పండి, ఆ ఎండలో ఎక్కువ చేసి పారేయలేను.