సుగ్గికి పోయిన ఇళ్ల పిల్లలు నవోదయ పరీక్ష రాశారు – మా ఊరికి కృతజ్ఞతలు

ఊరందరికీ నమస్కారం.

మొన్న శనివారం, జనవరి 18న, మా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఐదో తరగతి పిల్లలు ఆరుగురు నవోదయ ప్రవేశ పరీక్ష రాసి వచ్చారు. నవోదయ అంటే ఆరో తరగతి నుంచి పిల్లల్ని హాస్టల్‌లో ఉంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బడి. ఫలితాలు రావడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. వచ్చాక రాద్దాంలే మేడం అని మా హెచ్ఎం సార్ అన్నారు. నాకు ఇప్పుడే రాయాలనిపించింది. సీటు వస్తే ఆ సంబరంలో, రాకపోతే ఆ దిగులులో, ఈ ఐదు నెలలు ఎవరెవరు ఏం చేశారో మరుగున పడిపోతుంది. అది నాకిష్టం లేదు.

బయటి ఊళ్లవాళ్లకు కాస్త చెప్పాలి. మాది కర్నూలు జిల్లా, ఆదోని డివిజన్. వానను నమ్ముకున్న చేలు. దీపావళి దాటితే ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. మళ్లీ ఉగాదికి గానీ రారు. ఇంట్లో చూసుకునే మనిషి లేక పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. పరీక్ష సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. పైగా నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక పిల్లకు ఒక్కసారే. ఐదో తరగతిలో ఉండగా తప్పిపోతే మరుసటి ఏడాది రాయనివ్వరు. మా ఆరుగురిలో నలుగురివి సుగ్గికి పోయే ఇళ్లే.

అందుకే మొదటి దండం ఆ పిల్లల్ని ఊళ్లో అట్టిపెట్టుకున్నవాళ్లకు. ఇద్దరిని అవ్వలు చూసుకున్నారు. ఒక పాపను ఊళ్లో చూసుకోవడానికి సొంతవాళ్లెవరూ లేరు. ఎదురింటి అవ్వ వచ్చి, "బిడ్డను నా కాడ వదిలిపెట్టి పోండి. మిరపకాయలు యాడికీ పోవు, ఈ పరీక్ష పోతే మల్లా రాదంట గదా" అని వాళ్లమ్మతో చెప్పింది. నవంబరు నుంచి ఆ పాప అక్కడే తిని అక్కడే పడుకుంటోంది. పొద్దున జొన్నరొట్టె కట్టించి, తల దువ్వి బడికి పంపుతుంది. ఆ అవ్వ బడి గడప తొక్కిన మనిషి కాదు. రాత్రి పాప లెక్కలు చేస్తుంటే పక్కనే కూర్చుని నిద్ర ఆపుకుంటుందట.

దరఖాస్తుల సంగతి కూడా చెప్పాలి. ఆగస్టులో ఒక నెట్ సెంటర్‌లో నింపించాం. ఇద్దరు పిల్లలకు పరీక్ష మాధ్యమం తెలుగు బదులు ఇంగ్లిష్ అని పడింది. మేం గడువు అయిపోయాక గానీ చూసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా గ్రామ సచివాలయం డిజిటల్ అసిస్టెంట్ తమ్ముడు, దిద్దుబాటుకు మళ్లీ కొద్ది రోజులు అవకాశం ఇస్తారు మేడం అని ధైర్యం చెప్పాడు. రోజూ వెబ్‌సైట్ చూస్తూ కూర్చుని, అది తెరుచుకోగానే రెండూ సరిచేసి ప్రింటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా పిల్లల్లో కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు, బడిలో తెలుగు. ఇంగ్లిష్ ప్రశ్నపత్రం వచ్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలు, బొమ్మల మీదే ఉంటాయి. అద్దంలో బొమ్మ ఎలా కనపడుతుంది, కాగితం మడతపెట్టి చిల్లు పొడిచి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ వస్తాయి, ఇలాంటివి. లెక్కలు, భాష మేం చెప్పగలం. ఈ బొమ్మలు బోర్డు మీద ఎంత గీసినా పిల్లలకు ఎక్కలేదు. ఒకరోజు మా దర్జీ అన్న బడికి వచ్చి నా అవస్థ చూశాడు. మర్నాడు సంచి నిండా గుడ్డ ముక్కలు తెచ్చాడు. గుడ్డను రెండు మడతలు వేసి, కత్తెరతో చిన్న కోత పెట్టి, "ఇప్పుడు విప్పితే ఎన్ని చిల్లులు? యాడ?" అని అడిగాడు. తప్పు చెప్పినవాళ్ల చేతికే కత్తెర ఇచ్చాడు. వారం రోజుల్లో పిల్లలు విప్పకుండానే చెప్పడం మొదలుపెట్టారు. సెలూన్ అన్న ఆదివారం మధ్యాహ్నాలు గిరాకీ లేని వేళ తన పెద్ద అద్దం ముందు పిల్లల్ని నిలబెట్టుకున్నాడు. అట్టముక్కల మీద గీసిన బాణాలు, గడియారాలు, అక్షరాలు పట్టుకుని వాళ్లు కుడి ఎడమలు నేర్చుకున్నది ఆ అద్దంలోనే. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను వాళ్లిద్దరి దగ్గర నేర్చుకున్నాను. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మా ఊరి అబ్బాయి ఒకరు మా జిల్లాలోని బనవాసి నవోదయలో చదివి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. ఆరు మాదిరి ప్రశ్నపత్రాల పుస్తకాలు, ఆరు పరీక్ష ప్యాడ్లు, నల్ల బాల్ పెన్నులు పంపారు. ఆదివారాలు ఫోన్లో పిల్లలతో మాట్లాడారు. హాస్టల్ ఎలా ఉంటుంది, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే ఏం చేయాలి అని వాళ్లు అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పారు. జిరాక్స్ షాపు యజమాని ఓఎంఆర్ షీట్లు, అంటే జవాబుల గుండ్రాలు దిద్దే కాగితాలు, కట్టలకొద్దీ తీసిచ్చి డబ్బులు తీసుకోలేదు. పెన్నుతో గుండ్రం దాటకుండా దిద్దడం పదేళ్ల పిల్లలకు తేలిక కాదు. చేసి చేసి వచ్చింది.

ఇక సంక్రాంతి సెలవులు. బడి లేదు, మధ్యాహ్న భోజనమూ లేదు. పరీక్ష దగ్గర పడింది. తరగతులు పెడదామంటే పిల్లలకు తిండి ఎలా అని మేం ఆలోచిస్తుంటే, వంట అక్క తనంతట తాను వచ్చి, "మీరు చదివించండి మేడం, పొయ్యి సంగతి నాకొదిలేయండి" అంది. ఆ రోజులకు ఆమెకు ఎవరూ జీతమివ్వరు. ఇంటింటికీ తిరిగి బియ్యం, బేడలు అడిగి తెచ్చింది. కనుమ రోజు కూడా తన ఇంట్లో పండగ వంట ముగించుకుని, పిల్లలకు అందులోంచే తెచ్చి వడ్డించింది. అమ్మానాన్నలు దూరంగా ఉండి ఊళ్లో మిగిలిన ఆ ముగ్గురికీ ఈ ఏడు పండగంటే అదే.

ఒక్క బాబు విషయం మిగిలింది. వాణ్ణి డిసెంబరులోనే గుంటూరు తీసుకుపోయారు. చెల్లెలు చిన్నది, తల్లి మిరపచేలో ఉంటే ఆ పాపను ఎత్తుకోవడానికి వీడు కావాలి. నేను ఆ తల్లిదండ్రులను తప్పు పట్టను. పుస్తకం వెంట ఇచ్చి పంపాం. హెచ్ఎం సార్ రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి పది ప్రశ్నలు అడిగేవారు. పరీక్షకు రప్పించాలంటే తండ్రికి మూడు రోజుల కూలి పోతుంది, బస్సు ఖర్చు వేరే. వాళ్ల కూలీల ముఠా మేస్త్రి ఆ ఖర్చు తానే పెట్టుకుని, "పోయి రాయించుకుని రా, కూలి సంగతి తర్వాత చూద్దాం" అని పంపించాడట. నేను ఆయన్ను ఎన్నడూ చూడలేదు. అన్నా, ఈ మాటలు మీకెవరైనా చదివి వినిపిస్తారని ఆశపడుతున్నాను. 17వ తేదీ పొద్దున తండ్రీకొడుకులు ఊళ్లో బస్సు దిగారు. బాబు చేతివేళ్లకు ఇంకా మిరప మంట ఉంది. ఆ రోజంతా వంట అక్క వాడి చేతులకు వెన్న రాస్తూనే ఉంది.

శనివారం పరీక్ష పదకొండున్నరకు. ఏడింటికే బడి ముందు ఆటో వచ్చి ఆగింది. ఆటో అన్న డీజిల్ డబ్బులు కూడా పుచ్చుకోలేదు. సెంటర్ దగ్గరే చెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చుని, అందరినీ తిరిగి ఇళ్ల ముందు దింపాడు. పిల్లలు లోపలికి వెళ్లాక నా చేతులు వణికాయి, వాళ్లకు మాత్రం టెన్షన్ లేదు. బయటికి వస్తూనే మా పిల్లల్లో ఒక పాప అడిగిన మొదటి మాట, "మేడం, మడత ప్రశ్నలు నాలుగూ చేసినా, దర్జీ మామకు చెప్పొచ్చా?"

నవోదయలో 80 సీట్లు, జిల్లా నుంచి రాసే పిల్లలు వేలల్లో. ఆ సంగతి మాకు తెలుసు. ఆ బాబు ఆదివారం రాత్రి బస్సుకే తండ్రితో మళ్లీ గుంటూరు వెళ్లాడు. వాడి హాల్ టికెట్ నా దగ్గరే ఉంది. ఫలితం వచ్చిన రోజు మొదటి ఫోన్ వాడికే చేస్తాను.

జనవరి 26న జెండా వందనానికి మీరందరూ బడికి రావాలి. దర్జీ అన్న, సెలూన్ అన్న, జిరాక్స్ అన్న, ఆటో అన్న, సచివాలయం తమ్ముడు, అవ్వలు, అందరూ. ఆ పొద్దున ఉగ్గాని, బజ్జీలు హెచ్ఎం సారూ నేనూ చేస్తాం. వంట అక్క ఆ రోజు పొయ్యి దగ్గరికి రాకూడదు. కుర్చీలో కూర్చోవాలి, పిల్లలు వడ్డిస్తారు.